వడగళ్ళు పడిన రోజు

పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని సూర్యకుమారి వంటింటి కిటికీ దగ్గర నిలబడింది. పెరట్లో పియోనీలు విచ్చుకున్నాయి. కెనడాలోని ఈ సస్కటూన్ ఊళ్ళో చలికాలమంతా మంచు కింద ఆనవాలైనా లేకుండా పడి ఉన్న మొక్కలు, జూన్ నెల తిరిగేసరికి అరచేయంత గులాబీరంగు పూలు పూశాయి.

దగ్గరికెళ్ళి చూద్దామంటే జంకు. వెనక తలుపు తీస్తే చాలు, అక్కడి కెమెరా ఆఫీసులో ఉన్న కూతురికి కబురు చేరవేస్తుంది. ఆ వెంటనే రిషిత ఫోన్. "అమ్మా, ఎక్కడికి? లోపలికెళ్ళు."

కిందటి నవంబరులో మెట్ల మీద మంచుకు జారిపడి సూర్యకుమారి మణికట్టు విరిగింది. ఎముక అతుక్కుంది గానీ, రిషిత భయం తగ్గలేదు. భర్త పోయాక ఒక్కగానొక్క కూతురి దగ్గరికి వచ్చేసిందామె. రాజమండ్రిలో బట్టల కొట్టు నడిపిన మనిషి, ఇక్కడ కొత్తిమీర కట్ట కూడా సొంతంగా కొనుక్కోవడం లేదు.

మధ్యాహ్నానికి ఆకాశం నల్లబడింది. పక్కింటి శ్రీహర్ష ఫెన్స్ అవతల నుంచి కేకేశాడు. "ఆంటీ, వడగళ్ళ వార్నింగ్ ఇచ్చారు! బయటికి రాకండి."

సూర్యకుమారి పూలవైపు చూసింది. మంచం మీది దుప్పటి లాక్కుని బయటికి నడిచింది. ఇంట్లో ఫోన్ మోగుతూనే ఉంది. ఆమె వెనక్కి తిరగలేదు.

కాసేపటికి రిషిత కారు దిగి పరుగెత్తుకొచ్చింది.

"ఫోన్ ఎందుకు ఎత్తలేదు? పడిపోయావేమోనని మీటింగ్ మధ్యలో లేచి డ్రైవ్ చేసుకుంటూ వచ్చా!"

"పూలు పోతాయే. ఆ కొస పట్టుకో."

"పూలు మళ్ళీ ఏడాది పూస్తాయమ్మా. నీకేమైనా అయితే నేనెలా బతకాలి?"

సూర్యకుమారి దుప్పటి వదిలేసింది. "మరి నాకేమీ కాకుండా నేనెలా బతకాలే?"

రిషిత పట్టుకోబోతే సూర్యకుమారి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"తలుపు తీస్తే ఫోను. స్టవ్ వెలిగిస్తే ఫోను. ప్రేమేనని తెలుసు. అందుకే ఎవరితోనూ చెప్పుకోలేకపోతున్నా. పడతానని నాకూ భయమే రిషీ. కానీ ఊపిరాడక చచ్చిపోతున్నానే."

మొదటి వడగల్లు పెరట్లోని కుర్చీ మీద ఠక్కున పడింది. రిషిత వంగి దుప్పటి కొస అందుకుంది. ఇద్దరూ నెత్తి మీదుగా దుప్పటి పట్టుకుని, మొక్కల పక్కన ముడుచుకుని కూర్చున్నారు. పైన వడగళ్ళు దరువేస్తుంటే రిషిత వెక్కి వెక్కి ఏడ్చింది.

"నాన్న పోయాక నాకు నువ్వొక్కదానివే కదమ్మా."

"ఉన్నాను కదే. ఉన్నదాన్ని ఉన్నట్టు ఉండనీ."

సగం పూలు రాలిపోయాయి.

ఆ శనివారం, మిగిలిన పూలతో సూర్యకుమారి ఒక్కతే గుడికి బస్సెక్కింది. "నేనూ రానా" అన్న మాట, స్టాపులో నిలబడ్డ రిషిత పెదవుల దాకా వచ్చి ఆగిపోవడం ఆమెకు కిటికీ అద్దంలోంచి కనిపించింది. బస్సు కదిలింది. పక్క సీటులోని పెద్దావిడ పూలు చూసి నవ్వుతూ ఇంగ్లీషులో ఏదో అడిగింది.

"మా ఇంట్లో పూశాయమ్మా" అంది సూర్యకుమారి, తెలుగులోనే.