అవతలి వాలులో తాడు

షావుకారు గిడ్డంగికి జింకు రేకులు వేస్తున్నాం. విజయనగరం నుంచి ఎడ్లబళ్ల మీద అరకు దాకా తెచ్చిన రేకులు. ఆ ఉదయం మంచు ఎంత దట్టంగా ఉందంటే, నా చేతిలోని సుత్తి నాకే సరిగా కనిపించడం లేదు. కింద గుట్టపోసిన పసుపు కొమ్ముల వాసన పైదాకా వస్తోంది.

మా కొండవాళ్లకి ఒక పద్ధతుంది. ఎత్తున పనిచేసేవాడు అడ్డతీగ నారతో పేనిన తాడు నడుముకి కట్టుకుంటాడు. రెండో కొస పట్టుకుని, కప్పుకి అవతలి వాలులో అతని చుట్టం కూర్చుంటాడు. ఎక్కేముందు ఇద్దరూ ఒకే సొరబుర్రలో అంబలి తాగాలి. తాగినవాడు తాడు వదలకూడదు. తాడు ఒకసారి లాగితే ‘ఉన్నాను’ అని. రెండుసార్లు లాగితే ‘ఇక నీ వంతు, పైకి రా’ అని.

ఆరోజు నా తాడు పట్టింది మా అక్క మొగుడు సుక్రు. పోయిన నెల మా తమ్ముడు మంగ్లు ఇదే కప్పు మీంచి పడి చచ్చిపోయాడు. అప్పుడూ తాడు పట్టింది సుక్రే. తెగిపోయిందని మా అమ్మ కాళ్లమీద పడి ఏడ్చాడు. ఇంటి అల్లుడు కదా, నమ్మాం.

చూరు దగ్గర మేకు కొడుతుంటే కాలు జారింది.

బోర్లా పడ్డాను. గోళ్లు రేకు మీద కీచుమన్నాయి. కాళ్లు గాల్లోకి వెళ్లిపోయాయి... తాడు బిగిసింది. ఎవరో మెల్లగా పైకి లాగారు.

"బావా... బతికించినావు," అన్నాను.

తాడు ఒకసారి కదిలింది.

అప్పుడే గాలికి మంచు విడింది. కింద, మేస్త్రి సింహాచలం పక్కన నిలబడి, సుక్రు చుట్ట కాలుస్తున్నాడు.

నిచ్చెన ఎలా దిగానో తెలీదు. నేను దిగేకొద్దీ తాడు వదులవుతూ వచ్చింది.

"ఎప్పుడు దిగినావు?"

"నువ్వెక్కగానే..." గుసగుసగా అన్నాడు. "మేస్త్రి బేగి రమ్మన్నాడు. రేకులు మొయ్యాలట."

"మంగ్లుని కూడా ఇలాగే వదిలీసినావా?"

చుట్ట నోట్లోంచి తీసి పారేశాడు. నాతో అంబలి తాగిన నోరది. కొడదామనుకున్నాను, ఏడుపొచ్చేసింది.

నడుము ముడి విప్పి తాడు కింద పారేశాను. రెండో కొస ఇంకా కప్పుకి అవతలే ఉంది. పైన ఎవరూ లేరు.

నేలమీది తాడు కదిలింది. ఒకసారి... మళ్లీ ఇంకోసారి.

సుక్రు మూలిగాడు. అతని పొట్టచుట్టూ చర్మం లోపలికి నొక్కుకుపోతోంది. కాళ్లు ఈడ్చుకుంటూ నిచ్చెన వైపు నడిచాడు. మొదటి మెట్టు ఎక్కి నావైపు తిరిగాడు.

"గాసీ... నన్ను పట్టుకో..."

అతని నడుము వైపు చూశాను. అక్కడ తాడే లేదు.