పదీ నలభై పోటు

పట్టణ సభ గుమాస్తా అమ్మాయి ఆ ఉదయం లాయరమ్మ గడప తొక్కేసరికి చెప్పులు తన చేతిలోనే ఉన్నాయి. రేవు దారి బురదగా ఉందని విప్పిందట, మళ్ళీ తొడుక్కోవడం మరిచిపోయింది. అది చూసి హెడ్డుగారు, ఈ మనిషి నిజంగానే హడలిపోయి ఉందనుకున్నాడు. ముప్ఫై ఏళ్ళు హెడ్ కానిస్టేబులుగా చేసినవాడు, దొంగభయాలు చాలా చూశాడు.

లాయరమ్మ అన్నది ఊరు పెట్టిన పేరు. ఆవిడ నల్లకోటు విప్పేసి పదేళ్ళయింది. ఇప్పుడు చేసేది ప్రైవేటు పరిశోధన, రిటైరైన హెడ్డుగారు అందులో సహాయకుడు. తనకన్నా ఇరవై ఏళ్ళు చిన్నదైనా హెడ్డుగారికి ఆవిడ మాట వేదవాక్కు. ఇంట్లో భార్య ఆ సంగతి రోజూ ఎత్తిపొడుస్తూనే ఉంటుంది.

"సాయంత్రం నాలుగింటికి నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తున్నారు మేడమ్," అంది గుమాస్తా. "నేను చెయ్యని పనికి."

సంగతి సముద్రపు గోడది. ఒడ్డున గోడ కట్టడానికి పోయిన ఏటి బడ్జెట్లో సభ సగం డబ్బు కేటాయించింది. మిగతా సగం జిల్లా కార్యాలయం ఇవ్వాలి. అందుకు ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా ప్రతిపాదన ఫైలు అక్కడికి చేరాలి. చేరలేదు. పంపకాల రిజిస్టరులో మాత్రం పోయిన నెల పదకొండో తారీఖున లాంచీలో వెళ్ళినట్టు రాసి ఉంది. గడువు దాటాక గానీ ఎవరికీ తెలియలేదు.

"ఆ రాత మీదేనా?" అడిగింది లాయరమ్మ.

"నా రాతలాగే ఉంది. కానీ నేను రాయలేదు. ఆ రోజు అమ్మకి ఒంట్లో బాగాలేదని కబురొస్తే తొమ్మిదిన్నరకే ఇంటికి వెళ్ళిపోయాను. ఫైలు బల్ల మీద పెట్టి, లాంచి ఎక్కించమని లెక్కల గుమాస్తాగారికి చెప్పాను. మర్నాడు చూస్తే రిజిస్టరులో రాసి ఉంది. ఆయనే రాశారనుకున్నాను. ఆయనేమో నేను చెప్పింది విననే లేదంటున్నారు."

"సెలవు చీటీ పెట్టారా?"

గుమాస్తా తల దించుకుంది. "లేదు మేడమ్. హాజరు సంతకం అప్పటికే చేసేశాను."

అంటే కాగితం ప్రకారం ఆమె ఆ రోజంతా ఆఫీసులోనే ఉంది. ఇంటి అద్దె, తల్లి మందులు, అన్నీ ఈ జీతం మీదే. పది రోజులుగా ఆఫీసులో ఎవరూ ఆమెతో సరిగా మాట్లాడటం లేదు. ఆమె బాబాయ్ అని పిలిచే పడవ సరంగు ఒక్కడే మందులు కొని ఇంటికి తెచ్చి, ధైర్యం చెప్పి వెళ్ళాడట.

సభ కార్యాలయం సముద్రంలో కలిసే కాలవ ఒడ్డున ఉంది. వెనక గుమ్మం నుంచి మెట్లు నేరుగా నీళ్ళలోకి దిగుతాయి. పంపకాల రిజిస్టరు కిటికీ పక్క బల్ల మీద, వచ్చేపోయేవాళ్ళకి అందేట్టు తెరిచే ఉంటుంది. నాలుగు గళ్ళు: తారీఖు, వస్తువు, వాహనం, పోటు వేళ. ఇసుకమేట దాటాలంటే నీళ్ళు పూర్తిగా ఎక్కిన నిండు పోటు ఉండాలి. అందుకని లాంచి పోటుకే కదులుతుంది, ప్రతి పంపకానికీ ఆ వేళ రాయడం ఇక్కడి పద్ధతి.

లాయరమ్మ పావుగంట పేజీలు తిప్పింది. గోడకున్న పెద్ద రేవువాళ్ళ క్యాలెండరులో రోజువారీ పోటు వేళలు అచ్చేసి ఉన్నాయి. ఒక్కో రాతనూ దానితో పోల్చి చూసింది.

"రాసుకోండి హెడ్డుగారూ. పదకొండో తారీఖు, రిజిస్టరులో పదీ నలభై. క్యాలెండరులో పదీ పదిహేను. మిగతావన్నీ పొల్లుపోకుండా సరిపోయాయి."

ఆయన రాసుకున్నాడు. హడావిడిలో చూసి రాసినవాళ్ళు పొరబడి ఉంటారులే అనుకున్నాడు.

ఆ తర్వాత లాయరమ్మ ముగ్గురిని అడిగింది. మొదట సభ అధ్యక్షురాలు, రిటైరైన పెద్ద పంతులమ్మ.

"నియమం నియమమే," అందావిడ. "జాలిపడితే ఆఫీసు నడవదు."

"పదకొండో తారీఖున పోటు ఎన్నింటికండీ?"

"నన్నడుగుతారేం, గోడకి క్యాలెండరు ఉందిగా."

లెక్కల గుమాస్తా గోడ డబ్బు సంత పైకప్పుకి వాడమని ఏడాదిగా పోరుతున్నవాడు. హెడ్డుగారి అనుమానమంతా అతని మీదే. అదే ప్రశ్నకి అతను లేచి, కళ్ళజోడు సవరించుకుని, క్యాలెండరు చూసి, "పదీ పదిహేను," అన్నాడు.

మూడోవాడు సరంగు. ముప్ఫై ఏళ్ళు సరుకు పడవ నడిపి, ఇప్పుడు సభలో సభ్యుడైన పెద్దమనిషి. గోడ వద్దని చెయ్యెత్తింది ఆయనొక్కడే. వెనక మెట్ల మీద కూచుని ఉన్నాడు. ప్రశ్న విని తల తిప్పకుండానే వేళ్ళ కణుపులు లెక్కపెట్టాడు.

"పదీ నలభై."

"మరి ఇవాళ?"

"ఒంటిగంటా అయిదు."

క్యాలెండరులో ఇవాళ పన్నెండూ నలభై. లాయరమ్మ మెట్ల పైన కూచుంది. హెడ్డుగారిని రేవుకి పంపి, పదకొండో తారీఖున లాంచివాడు ఎక్కడున్నాడో కనుక్కు రమ్మంది. ఆ ఉదయం లాంచి కదిలేదాకా తమ సరుకు ఎక్కిస్తూనే ఉన్నాడని ఇద్దరు షావుకార్లు చెప్పారు. ఆయన తిరిగొచ్చేసరికి పన్నెండూ నలభై అయింది. నీళ్ళింకా ఎక్కుతూనే ఉన్నాయి. అన్నం వేళ దాటిపోతోందని ఆయన మనసులో సణుక్కున్నాడు. సరిగ్గా ఒంటిగంటా అయిదుకి పోటు నిండి, నీటి మీద తేలుతున్న పుల్ల ఒకటి కదలకుండా నిలబడింది.

మూడున్నరకి అందరూ సభ హాల్లో చేరారు. తొలగింపు ఉత్తర్వు అధ్యక్షురాలి ముందే ఉంది.

"దొంగరాత రాసేవాళ్ళు మామూలుగా తప్పు రాసి దొరుకుతారు," అంది లాయరమ్మ. "ఇక్కడ ఒప్పు రాసి దొరికారు. గుమాస్తా ఎప్పుడూ క్యాలెండరు చూసే పోటు రాస్తుంది. ఆ క్యాలెండరు పెద్ద రేవుది. మన కాలవ నిండటానికి ఇంకో ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది. లాంచి అసలు పోటుకే కదిలినా, ఈ ఆఫీసులో ఆ తేడా ఎవరికీ పట్టదు. పదకొండో తారీఖు రాత ఒక్కదానిలోనే నిజమైన పోటు ఉంది. పై వరస చూసి అక్షరాలు ఎవరైనా దింపుతారు. వేళ మాత్రం ఆ మనిషి చూసి రాయలేదు. తనకి తెలిసింది రాశాడు."

"లాంచివాడికీ తెలుసుగా?" అన్నాడు లెక్కల గుమాస్తా.

"అతను రేవు వదలకుండా సరుకు ఎక్కించి, పోటుకి లాంచితోనే వెళ్ళిపోయాడు."

ఇంకెవరి పేరూ ఆవిడ ఎత్తలేదు. సరంగే లేచాడు.

"అబద్ధం రాస్తున్నానని తెలుసమ్మా," అన్నాడు. "అయినా పోటు వేళ తప్పు రాయడానికి చెయ్యి రాలేదు."

అధ్యక్షురాలు కలం కింద పెట్టింది. "ఎందుకు?"

"గోడ కడితే పడవలు ఒడ్డుకి లాక్కునే ఇసుక కొట్టుకుపోతుంది. సభలో మూడుసార్లు చెప్పాను. ఒక్క ఏడాది ఆగితే మళ్ళీ ఆలోచిస్తారనుకున్నా. తప్పు జిల్లావాళ్ళ మీదకి పోతుందనుకున్నా. అమ్మాయి మీద పడుతుందనుకోలేదు."

"పడ్డాక పది రోజులు ఊరుకున్నారు," అంది లాయరమ్మ.

"ఊరుకున్నాను. నాలుగు కొట్టేదాకా ఊరుకోగలనేమోనని పొద్దున్నుంచీ మెట్ల మీదే కూచున్నాను."

హెడ్డుగారికి జాలీ కోపమూ ఒక్కసారే కలిగాయి. ఫైలు సరంగు పడవ పెట్టెలో, తడవకుండా ప్లాస్టిక్ కాగితంలో చుట్టి ఉంది. పారేయడానికీ ఆయనకి చెయ్యి రాలేదు. అధ్యక్షురాలు ఉత్తర్వు చింపేసింది. జరిగిందంతా సరంగు చేత రాయించి, సంతకం పెట్టించుకుంది. ఆలస్యానికి కారణంగా అది ఫైలుతో వెళుతుంది. జిల్లావాళ్ళు ఒప్పుకుంటారో లేదో చెప్పలేం. ఆయన సభ్యత్వం సంగతి వచ్చే సమావేశంలో తేలుతుంది.

"ఇసుక గురించి మీరన్నది నేను మినిట్స్‌లో రాయించనే లేదు," అంది అధ్యక్షురాలు, ఎటో చూస్తూ. "అదీ ఇందులో రాయండి."

గుమాస్తా రిజిస్టరు తెచ్చింది. తారీఖు రాసింది. సముద్రపు గోడ ఫైలు, లాంచి అని రాసింది. నాలుగో గడి దగ్గర చెయ్యి ఆగింది. అలవాటుగా క్యాలెండరు వైపు చూసి, మళ్ళీ రిజిస్టరులోకి తల దించుకుంది.

"రేపు పోటు ఎన్నింటికి?"

పొద్దున్నదాకా నోటినిండా ఉన్న బాబాయ్ అన్న పిలుపు ఇప్పుడు లేదు. హెడ్డుగారు అది గమనించాడు. సరంగూ గమనించాడు. ముసలాయన వేళ్ళ కణుపులు లెక్కపెట్టుకున్నాడు, ఒకసారి కాదు, రెండుసార్లు.

"ఒంటిగంటా యాభై అయిదు."

ఆమె అలాగే రాసింది.