అడిగే దేశం లేనివాడు

ఆ కాలానికి అంతర్జాతీయ న్యాయస్థానాల్లో ప్రమాణాలు చేయించడం మానేశారు. గుమ్మంలోనే కక్షిదారుల మణికట్టుకి పల్చటి పట్టీ ఒకటి చుట్టేవారు. కడుపు రగులుతుంటే ఆ పట్టీ ఎర్రగా వెలిగేది. మంట చల్లారితే పచ్చబడేది. శాస్త్రవేత్తలు దాన్ని గ్రీవెన్స్ సెన్సర్ అన్నారు. కనిపెట్టిన డాక్టర్ పైడిరత్నం మాత్రం తాను పుట్టిన విజయనగరం పల్లెలో వాళ్ళకి అర్థమయ్యేలా ‘మంటమాని’ అంది. అత్తాకోడళ్ళు కూడా మంటమానులు కట్టుకుని కూర్చుని తగువులు తీర్చుకుంటున్న రోజులవి.

ఈ పట్టీలన్నీ చెప్పేది వినడానికి సమ్మతి యంత్రం ఉంది. కన్సెన్సస్ ఇంజిన్ అన్నమాట. న్యాయం అన్ని దేశాల్లోనూ ఒక్కలా ఉండదు కదా! ఒకచోట తప్పు చేసినవాడు పదిమందిలో నిలబడి ఒప్పుకుంటేనే న్యాయం జరిగినట్టు. ఇంకోచోట నోటిమాటకి విలువ లేదు, జైలు తలుపు మూసుకోవాల్సిందే. మరోచోట రెండు పక్షాలూ ఒకే బంతిలో కూర్చుని అన్నం తినాలి. వెనకటికి ఏ దేశం బలమైనదైతే దాని చట్టమే అందరి నెత్తినా కూర్చునేది. ఈ యంత్రం ఎవరి చట్టాన్నీ మోయదు. వేలకొద్దీ తీర్పులు లోలోపలే అల్లి, విప్పి, పట్టీలన్నిటినీ పచ్చబరిచేది ఒక్కటి బయటికి తీస్తుంది. దాని తీర్పు మీద ఇంతవరకూ అప్పీలుకి వెళ్ళినవాడు లేడు. పైడిరత్నం తల ఎత్తుకుని తిరుగుతోందంటే అందుకే.

ఆవేళ బంగాళాఖాతంలో తేలే కోర్టులో విచారణ. ఉత్తర సమాఖ్య వారి సరుకు ఓడ వానలో ఒక చేపల పడవని తొక్కేసి, ఆగకుండా పోయింది. పడవలో ఉన్న దానయ్య శవం కూడా దొరకలేదు. అతని భార్య మైలపల్లి నూకమ్మ తనకేం కావాలో మొదటే చెప్పేసింది.

“ఆ కప్తాను మా రేవుకి రావాల. మా ఊరోళ్ళ ముందర నిలబడి, తప్పు నాదేనని సెప్పాల. ఇంకేటీ అక్కర్లేదు నాకు.”

కప్తాను హాల్వర్ పక్షం భగ్గుమంది. రుజువు కాకుండా తప్పు ఒప్పుకోమనడం తమ చట్టంలో చిత్రహింసతో సమానమన్నారు వాళ్ళ వకీళ్ళు.

యంత్రం మొదటి తీర్పు వినిపించింది. ఇది సముద్ర ప్రమాదం, దోషం ఎవరిదీ కాదు, రెండు ప్రభుత్వాలూ విచారం తెలపాలి. సమాఖ్య పట్టీలన్నీ పచ్చబడ్డాయి. నూకమ్మది నిప్పుకణికలా మండింది.

“ఎవులూ సంపకుండానే సచ్చిపోనాడా మావోడు? సముద్రానికేటి కాళ్ళున్నాయా, ఒచ్చి తొక్కీడానికి!”

యంత్రం ఆ తీర్పుని విప్పేసింది. తర్వాత రెండో తీర్పు చెప్పింది. దోషం ఓడ ముందు భాగంలో కాపలా ఉన్న నావికుడు, బోనులో సాక్షిగా నిలబడ్డ తెబూరోది. నిద్రపోయాడు. ఉత్తర సమాఖ్య జైలులో యావజ్జీవ శిక్ష.

ఒక్కొక్క పట్టీ పచ్చబడుతూ వచ్చింది. చివరికి నూకమ్మది కూడా. ప్రధాన న్యాయమూర్తి అబెనా గుండెల నిండా గాలి పీల్చుకుంది.

పైడిరత్నం మాత్రం చెవిలోని పరికరంలో యంత్రంతో గుసగుసగా అంది.

“ఓడ రికార్డరులో తెబూరో అరుపులున్నాయి. పడవుంది, పడవుందని మొత్తుకున్నాడు. వేగం తగ్గించనిది కప్తాను. నువ్వు వినలేదా?”

“విన్నాను.”

“మరి?”

“కప్తానుది తప్పంటే సమాఖ్య మండుతుంది. ఎవరిదీ కాదంటే నూకమ్మ మండింది. తెబూరోదంటే ఎవరూ మండలేదు.”

“అతని చేతికి పట్టీ ఏదీ?”

“కక్షిదారులకే పట్టీలు. అతని దీవి సముద్రంలో మునిగిపోయింది. అతని తరఫున అడిగే దేశం లేదు.”

“నిజం ఏ గంగలో కలిసిందే, యంత్రమా?”

“నిజాన్ని కొలవమని మీరు నన్ను తయారుచేయలేదు, డాక్టర్.”

చెంప ఛెళ్ళుమన్నట్టయింది. పైడిరత్నం గబగబా నూకమ్మ దగ్గరికి నడిచింది.

“నూకమ్మప్పా, అతను నిద్రపోలేదు. నీ మొగుణ్ణి బతికించాలని అరిచినవాడు ఆ ఓడలో అతనొక్కడే. నువ్వు ఒప్పుకోనంటే తీర్పు ఆగిపోతుంది.”

నూకమ్మ కళ్ళు తిప్పుకుంది. “నాకు తెల్దనుకున్నావేటి డాక్టరమ్మా? ఆడి మొకం సూస్తే తెలీదా? కానీ కప్తాను మా రేవుకి ఒత్తాడా? రాడు. ఈడ్ని గూడా ఒగ్గేత్తే, ఇంటికెల్లి నా మొగుడ్ని సంపినోడు ఎవుడని సెప్పమంటావు?”

ఆమె పట్టీ పచ్చగానే ఉంది.

న్యాయం కోసం నడిసముద్రానికి వచ్చిన మనిషేనా ఈమె! ఇక మిగిలింది ఒక్కటే దారి. పైడిరత్నం తిన్నగా న్యాయమూర్తి ముందుకి వెళ్ళింది.

“అమ్మా, తెబూరోకి కూడా మంటమాని కట్టనివ్వండి. అతని మంట లెక్కలోకి రాకుండా సమ్మతి ఎలా అవుతుంది?”

సమాఖ్య వకీళ్ళు లేచారు. అబెనా చేత్తోనే వాళ్ళని కూర్చోబెట్టి, సరేనంది.

బోనులోంచి తెబూరో చెయ్యి చాపాడు. తాళ్ళు లాగి లాగి కాయలు కాచిన చెయ్యి. పైడిరత్నం పట్టీ చుట్టింది. ఇప్పుడు ఎర్రబడుతుంది. తప్పు చేయనివాడి కడుపుమంట ఎంతటిదో లోకం చూస్తుంది. ఈ యంత్రం తన తీర్పుని తానే మింగుతుంది.

పట్టీ వెలిగింది. పచ్చగా.

“సంపూర్ణ సమ్మతి,” అంది యంత్రం.

హాల్లో చప్పట్లు మోగాయి. పైడిరత్నం అతని మణికట్టు పట్టుకుని కుదిపేసింది. “పట్టీ పాడైంది! నువ్వు అరిచావు కదయ్యా! తప్పు నీది కాదు కదా!”

అతని భాష చెవిలో తెలుగై వినిపించింది.

“అరిచానమ్మా, గొంతు పోయేదాకా.”

“మరి మంట లేదేం నీకు?”

“మా దీవి మునిగాక ఏ రేవులోనూ నన్ను ఓడ దిగనివ్వలేదు. నీది ఏ దేశమంటారు, పొమ్మంటారు. ఓడ మారితే ఓడ, అంతే. మా నాన్న ఓడలోనే పోయాడు. పాతడానికి పిడికెడు మట్టి అడిగినా ఎవరూ ఇవ్వలేదు.” అతను సమాఖ్య వకీళ్ళ వంక ఒకసారి చూసి గొంతు తగ్గించాడు, వాళ్ళు వింటే మనసు మార్చుకుంటారేమో అన్నట్టు.

“ఆ జైలు నేల మీదే ఉంది కదమ్మా?”