ఎడమ చెవి కోత

జానమ్మకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. కూతురు తన కంటికి దూరంగా ఉన్నప్పుడు ఏదైనా జరిగితే, ఆ సంగతి తనకు అందరికంటే చివర తెలుస్తుందని.

ఆ భయం ఊరికే పుట్టలేదు. జడ్చర్లలో కాపురం చేస్తున్న అక్క గోపమ్మ జ్వరంతో కన్నుమూసిందన్న కబురు పుట్టింటికి చేరేసరికి అక్కడ దినాలు కూడా అయిపోయాయి. అప్పుడు జానమ్మ మూడో తరగతి. మరునాటి నుంచి తల్లి ఆమెను బడికి పంపలేదు. "ఒకదాన్ని పోగొట్టుకున్న. నువ్వన్న నా కండ్ల ముందర ఉండు బిడ్డా" అంది. పెళ్లయ్యేదాకా జానమ్మ తల్లి కళ్ల ముందర ఉంది. పెళ్లయ్యాక అత్త కళ్ల ముందర ఉంది. ఇరవై ఏడేళ్లు వచ్చినా వాగు దాటి ఆత్మకూరు సంతకు ఒంటరిగా పోయి ఎరగదు.

అలాంటి జానమ్మ కడుపున అండాలు పుట్టింది.

ఆ రోజు పొద్దున అండాలు దొడ్లో కూర్చుని గొర్రెపిల్లలకు మేకపాలు తాపుతోంది. చలికాలంలో వచ్చిన రోగానికి తల్లులు చచ్చిపోతే, వేలు పాలలో ముంచి నాకించి బతికించిన పిల్లలవి. ఇప్పుడు బాగా ఎదిగి గడ్డి మేస్తున్నా, అండాలు గిన్నె పట్టుకుంటే చాలు, ఎగబడి మీదికొస్తాయి. మూడింటి మెడలోనూ ఎర్ర ఉన్ని దారం ఉంది.

"ఏమే, మొగోనిలెక్క గట్ల కాళ్లు జాపి కూసున్నవేందే?" వాకిలి ఊడుస్తూ అడిగింది జానమ్మ.

"అవ్వ గిట్లనే కూసుంటది కద."

"అవ్వ ముసల్ది. అవ్వకు చెల్లుతది."

"అయితే నేను ముసల్దాన్నయ్యేదాంక ఆగాల్నా?"

జానమ్మకు నవ్వొచ్చింది, వెంటనే గుండెలో ఏదో గుచ్చుకుంది. ఈ పిల్ల నడక గాజుల లాల్ బీది. కూర్చోవడం, మాట తెంచి చెప్పడం నాయనమ్మవి. తనను చూసి నేర్చుకున్నది ఒక్కటీ కనపడదు.

అండాలు నాయనమ్మ హనుమమ్మను చూసి నేర్వని వాళ్లు ఆ వాడలోనే లేరు. మగడు పోయినప్పుడు ఆమె వయసు పాతిక. పాలివాళ్లు మందను పంచుకుందామని వచ్చి అరుగు మీద కూర్చుంటే, ఆమె మాట్లాడకుండా గొంగడి భుజాన వేసుకుని, చిన్న కొడుకును చంకన ఎత్తుకుని మంద వెంట నడిచింది. ఇప్పటికీ ఆమె ఊ అననిది గొర్రె ధర తెగదు. లాల్ బీ సంగతి సరేసరి. ఆత్మకూరు నుంచి భుజాన గాజుల మలారం వేసుకుని వారానికోసారి ఒక్కతే ఊళ్లు తిరుగుతుంది. ఐదో తరగతి పాసైన అండాలును ఆత్మకూరు బడిలో ఆరో తరగతిలో వేయమని ముందుగా అన్నది ఆమెనే. "నా ఇంట్ల ముందర అర్ర ఖాళీగుంది. పొయ్యి వేరే పెట్టుకుంటది. నా బిడ్డెలెక్క చూస్కుంట" అంది. హనుమమ్మ సరేనంది. జానమ్మ మగడు దుర్గయ్య తల్లి మాట కాదనడు.

బడి ఖర్చుకు దారి కూడా హనుమమ్మే చూపించింది. ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఆడపిల్ల పుడితే ఒక ఆడ గొర్రెపిల్లను ఆమె పేరున విడుస్తారు. దానికి పుట్టే ఆడ సంతానమంతా ఆ పిల్లదే. ఇంటి గొర్రెకు కుడి చెవి కొస కోస్తారు, ఆడవాళ్ల గొర్రెకు ఎడమ చెవి చీలుస్తారు. చెవి కోసేదాకా మెడలో ఎర్ర దారమే గుర్తు. కోశాక మాత్రం చెవే సాక్ష్యం. దాని మీద ఇక ఎవరూ మాట్లాడకూడదు. ఇంటి మందలో సగం దుర్గయ్య అన్న గుర్వయ్యది కాబట్టి అందులోంచి ఒక పిల్ల చదువుకు గొర్రెను తీయడం కుదరదు. రోగానికి చచ్చినవి పోగా అండాలుకు మిగిలినవి ఈ మూడే.

ఆ పొద్దుననే వాటికి ఎడమ చెవి చీల్చాలి. మరునాడు సంతలో వాటిని అమ్మాలి. లాల్ బీ వచ్చి అండాలును వెంట తీసుకుపోతుంది.

"అండాలూ, బావికాడికి పొయ్యి నీళ్లు తేపో" అంది జానమ్మ.

పిల్ల బిందె ఎత్తుకుని పోయింది. హనుమమ్మ, దుర్గయ్య మంద దగ్గరున్నారు. మంద ఎప్పుడూ ఎరువుకని పొలాల్లోనే ఉంటుంది, ఇంటికి రాదు; జానమ్మ అటు పోయి ఎరగదు. జానమ్మ దొడ్డి తడిక మూసింది. చూరులో దోపిన చిన్న కత్తి తీసింది. పుట్టింట్లో తండ్రి కోస్తుంటే ఎన్నోసార్లు చూసింది. మొదటి పిల్లను మోకాళ్ల మధ్య పట్టుకున్నప్పుడు అది పాలనుకుని ఆమె వేలు చప్పరించింది. జానమ్మ కళ్లు మూసుకోలేదు. కుడి చెవి కొస కోసింది. పసుపు అద్ది, ఎర్ర దారం తెంపి పొయ్యిలో వేసింది. మూడింటికీ అంతే.

చేతులు కడుక్కుంటూ, 'పిల్ల ఇంటికాడనే ఉంటది' అనుకుంది. ఆ మాట అచ్చం తన తల్లి గొంతుతో వినిపించింది.

పొద్దెక్కాక అందరూ ఒకేసారి వచ్చారు. హనుమమ్మ, దుర్గయ్య పొలం నుంచి, లాల్ బీ బాట మీద నుంచి, నీళ్ల బిందెతో అండాలు.

"ఏం బేటీ, మూట కట్టినవా?" అంది లాల్ బీ మలారం దించుతూ. "ఒంటరిగ పండుకుంటే దయ్యమొస్తదంట మా ఇంట్ల. నన్ను చూసి భయపడి రెండేండ్లాయె రాక."

అండాలు నవ్వుతూ దొడ్లోకి పోయింది. నవ్వు అక్కడే ఆగిపోయింది. హనుమమ్మ వెనకాలే పోయి ఒక పిల్లను దగ్గరికి లాక్కుని చెవి చూసింది. రక్తం ఇంకా పచ్చిగానే ఉంది.

"ఎవరు కోసిన్రు గీ చెవి?"

దుర్గయ్య వంగి చూశాడు. మొహం నల్లబడింది. "ఇంటి కోత కోసిన్రు. ఇంకెవరు, మా అన్ననే. సగం కలిసొస్తదని చూసిండు. పసిపిల్ల సొత్తు మీద గూడ కన్నేసిండా?" అంటూ మూలనున్న కట్టె అందుకున్నాడు.

"దుర్గయ్యా, ఆగు" అంది హనుమమ్మ.

"ఏంది ఆగేది అవ్వా? ఇయ్యాల తేలిపోవాలె. మందను రెండు చేస్త. ఆయన పొయ్యి ఆయనది, నా పొయ్యి నాది."

గుర్వయ్య ఇల్లు ఎదురు వరసలోనే. దుర్గయ్య వాకిలి దాటుతున్నాడు. ఒక్క అడుగు, ఇంకొక్క అడుగు. అన్నదమ్ములు ఒకరి తల ఒకరు పగలగొట్టుకుంటారు. ఆమె పరుగెత్తి మగడి ముందు నిలబడింది.

"బావ కోయలే. నేనే కోసిన."

దుర్గయ్య చేతిలో కట్టె అలాగే ఉండిపోయింది. "నువ్వా? నీకు పిచ్చిగిట్ల లేసిందా?"

"నేనే. నా బిడ్డ పోవద్దు. ఆడ దానికేమన్న అయితే నాకెవరు చెప్తరు? మా అక్క సంగతి నాకెవరు చెప్పిన్రు? మన్నుల కలిసినంక చెప్పిన్రు." ఆమె కట్టె రెండో కొస పట్టుకుంది. "నాకు తిట్లు పడ్తయని తెలుసు. తిట్టున్రి. పిల్ల మాత్రం ఈడనే ఉండాలె."

లాల్ బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అండాలు గొర్రెపిల్ల పక్కన కూర్చుని దాని చెవి మీద ఈగలను తోలుతోంది. తలెత్తకుండానే అంది.

"అమ్మా, నువ్వు పోవద్దని అడిగితే నేను ఆగుదునేమో. వీటి చెవి ఎందుకు కోసినవ్?"

తిట్టి ఉంటే జానమ్మ తట్టుకునేది. ఆ మాటకు అక్కడే చతికిలబడింది.

"అవ్వా, ఎడమ చెవి గూడ చీలుద్దాం. తప్పు జరిగిందని అన్నకు చెప్దాం" అన్నాడు దుర్గయ్య.

"చెప్పేది లేదు. చెవి చెవే" అంది హనుమమ్మ. "ఇయ్యాల మన పిల్లకని మార్చితే రేపు ఇంకోడు ఇంకోదానికి మారుస్తడు. గవి ఇంటివైనయ్. సగం గుర్వయ్యవి." అండాలు కళ్లలో నీళ్లు అప్పుడు తిరిగాయి. ముసలామె వాటిని చూసింది, అయినా మాట మార్చలేదు. కోడలి వైపు తిరిగింది. "లే. నా ఎంబడి రా."

"ఏడికి అత్తా?"

"మందకాడికి."

పొలం గట్ల మీద ముందు అత్త, వెనక కోడలు నడిచారు. ఎర్ర చెలకలో గొర్రెలు తలలు కలుపుకుని నిలబడి ఉన్నాయి. ఆమె నాలుకతో చప్పుడు చేసేసరికి ఒక నల్ల గొర్రె దగ్గరికి వచ్చింది.

"ఎడమ చెవి పట్టి సూడు."

చెవికి రెండు చీలికలున్నాయి. జానమ్మ వేళ్లు వాటి మధ్య ఆగిపోయాయి. "ఇది మా అమ్మగారింటి గుర్తు కద."

"ఇంకోటి సూడు. గా దాన్ని గూడ."

ఆమె ఒక్కో గొర్రె దగ్గరికీ పోయింది. రెండు చీలికలు. మళ్లీ రెండు చీలికలు. పెళ్లిలో తల్లి అరణంగా ఇచ్చి తోలిన ఒక్క గొర్రె ఎప్పుడో మందలో కలిసిపోయిందనుకుంది. అత్త దాని పిల్లలకూ, వాటి పిల్లలకూ ప్రతి ఏడూ ఇక్కడ, ఈ పొలాల్లో, కోడలి గుర్తే కోస్తూ వచ్చింది.

"గిన్నేండ్లు ఎందుకు చెప్పలే అత్తా?"

"అడుగుతవని సూసిన. నా గొర్రెలేవని నేను మా అత్తను అడిగిన. అడిగినంకనే నాకు పాణం లేసొచ్చింది. నువ్వు ఎన్నడు అడగకపోతివి." హనుమమ్మ గొంగడి పరిచి కూర్చుంది, కాళ్లు జాపి. "నేనే పిలిచి చూపియ్యాల్సి ఉండె. గది నా తప్పు."

జానమ్మ గొర్రె మెడ మీద తల ఆనించి చాలాసేపు ఏడ్చింది. తర్వాత అంది, "నీకు భయం తెల్వదత్తా. నాకు భయమైతది. గందుకే పోరి నిన్ను సూసి నేరుస్తాంది, నన్ను సూసి కాదు."

"భయం తెల్వదా? మంద ఎంబడి వాగుల దిగిన ప్రతిసారి కాళ్లు గజగజ వణికేటియి. చంకల దుర్గయ్య, చెయ్యి పట్టుకొని గుర్వయ్య. వణుక్కుంటనే దిగిన. గది పోరికి ఎన్నడు చెప్పలే. నన్ను సూసి అది, భయం లేనోళ్లే బయటికి పోతరనుకుంటాంది. రేపు ఆడ దానికి భయమైన దినం ఏం చేస్తది? భయపడుకుంట గూడ నడవొచ్చని ఎవరు చూపియ్యాలె దానికి? నాతోని కాదు పిల్లా. గది నీతోనే అయితది."

మరునాడు ఆత్మకూరు సంతలో, రెండు చీలికల గొర్రెలు రెండింటిని తాడుతో పట్టుకుని జానమ్మ నిలబడింది. దుర్గయ్య వస్తానన్నాడు. "వద్దు, నేనే పోత" అంది. తోడు లాల్ బీ ఉంది, మూట పట్టుకుని అండాలు ఉంది. నిన్నటి నుంచి పిల్ల తల్లితో మాట్లాడలేదు.

బేరగాడు గొర్రె నడుం తడిమి, చుట్టూ చూశాడు. "మొగోడేడమ్మా? మాట ఎవరితోని మాట్లాడాలె?"

"నాతోని."

"గొర్రెలు ఎవరియి?"

జానమ్మ ఎడమ చెవి ఎత్తి చూపించింది. "నాయే."

అండాలు తల్లి చేతుల వైపు చూసింది. మెల్లగా దగ్గరికి జరిగి, "అమ్మా, నీ చేతులు వణుకుతున్నయ్" అంది.

"వణకనియ్యి. గాయనను ధర చెప్పమను."

అండాలు ఫక్కున నవ్వింది. నవ్వుతూనే తల్లి కొంగు పట్టుకుంది. బేరం తెగేదాకా వదలలేదు. లాల్ బీ ఇంటి ముందు విడిపోయేటప్పుడు కూడా ఆ కొంగు ఆమె పిడికిలిలోనే ఉంది. ఇద్దరూ ఏడ్చారు. "ఫికర్ చెయ్యకు చెల్లే, ప్రతి వారం గాజులతోని పాటు నీ బిడ్డ కబురు గూడ తెస్త" అని లాల్ బీ మాటిచ్చింది. తిరుగు దారిలో జానమ్మ ఒక్కతే నడిచింది. వాగు దగ్గర కాళ్లు వణికాయి. వణుకుతూనే దిగింది.

అన్న మాట ప్రకారం లాల్ బీ వస్తూనే ఉంది. ఈ వారం మాత్రం వాగు పొంగి రాలేకపోయింది. జానమ్మ పొద్దున్నుంచి వాకిట్లోనే నిలబడి ఉంది. మీలో ఎవరైనా అవతలి ఒడ్డున ఉండి ఆత్మకూరు దిక్కు పోతుంటే, బడి వెనక సందులో గుమ్మానికి పచ్చ గుడ్డ వేలాడే ఇల్లు లాల్ బీది. ముందరి అర్రలో అండాలు ఉంటుంది. ఒక్కసారి చూసి రండి. వేళకు తింటోందో లేదో అడగండి. గొర్రెపిల్లల చెవులు మానాయని చెప్పండి. అమ్మ భయపడుతోందా అని అడిగితే దాచకండి. భయపడుతూనే ఉంది, వాగు తగ్గగానే తనే నడిచి వస్తుంది అని చెప్పండి.