ఘాట్‌లో కలవని ఫోన్

"ఆఖరి భాగం నేను చదవను," అంది మల్లిక, కాగితాలు కౌంటర్ మీద పెట్టి.

గిద్దలూరు బస్టాండు పక్కన సెల్‌ఫోన్ రిపేరు దుకాణం కరుణాకరానిది. పని లేనప్పుడు ఒక ఆడియో యాప్‌కి థ్రిల్లర్ సీరియల్ రాస్తాడు. దాన్ని చదివే గొంతు మల్లికది. రాచర్లలో గొర్రెలున్న ఓబులయ్య కూతురు. పదకొండు భాగాలు ఇద్దరూ కలిసి లాగించారు. ఆఖరిదైన పన్నెండోది రేపు పంపకపోతే సీరియల్ ముగింపు లేకుండా ఆగిపోతుంది.

"విలన్ హీరోయిన్‌ని ఎత్తుకుపోయినాడు గదా. ఇంకేం కావాల?"

"పోతే పోయినాడు. నాకేం భయం కాలే. నీ హీరో ఆ పిల్లని ఒక్కసారన్నా సరిగ్గా చూసినాడా? ఎవరికీ ఏమీ కాని మనిషి కనపడకపోతే ఎవరికి భయం, రైటరూ?"

"థ్రిల్లర్‌లో ప్రేమ పెడితే స్పీడు తగ్గుతుంది."

"అట్లనా. అయితే నువ్వే చదువుకో."

నవ్వుతూనే అని నంద్యాల బస్సెక్కింది. అక్కడ ఆమెకు బీఈడీ పరీక్ష ఉంది.

మూడింటికల్లా తిరిగి రావాలి. నాలుగున్నరైనా రాలేదు. వాన పట్టుకుంది. ఫోన్ చేస్తే అందుబాటులో లేరంటోంది. కరుణాకరం స్క్రూడ్రైవర్ పక్కన పడేశాడు. విప్పిన ఫోన్ విప్పినట్టే వదిలేసి, షట్టర్ దించి బండి తీశాడు.

నంద్యాల నుంచి వచ్చే బస్సుకి నల్లమల అడవి దాటాక మొదట సిగ్నల్ దొరికేది దిగువమెట్టలో. అక్కడ టీ బంకు ముందు తడుస్తూ నిలబడి పద్నాలుగుసార్లు ఫోన్ చేశాడు.

చివరికి బస్సు వచ్చింది. కిటికీలోంచి అతన్ని చూసి మల్లిక దిగిపోయింది.

"ఏంది ఇట్ల తడిసినావు?"

"నీ ఫోన్ కలవలే."

"ఘాట్‌లో చెట్టు పడింది, ఆగినాము. అడవిలో ఫోన్ కలవదని గిద్దలూరులో చిన్నపిల్లలకు గూడా తెలుసు. సెల్లు దుకాణమోడివి, నీకు తెలీదా?"

"తెలుసు."

"మరి?"

"నువ్వు రాలేదనేసరికి తెలిసిందంతా మర్చిపోయినా." అతను తడి చేతులు చొక్కాకే తుడుచుకున్నాడు. "నువ్వంటే ఇష్టం మల్లికా. అందుకే భయమేసింది."

ఆమె అతన్ని వానలోంచి బంకు కిందికి లాగింది. బంకులో రెండు టీలు చెప్పింది.

"ఇదే రాయి. చదువుతా."

"రాస్తే ఊరంతా వింటారు."

"ఊరికంటే ముందు మా నాయన వినాల," అంది మల్లిక, గ్లాసు అతని చేతికిస్తూ. "ఇక్కడ సిగ్నల్ ఉంది గదా. ఫోన్ చెయ్యి."