అటకకి గడియ బయటవైపు

మంచు పడకముందే మా కొండల్లో ఆడవాళ్లం ఇంటి పనులన్నీ ముగించుకోవాలి. ఎండు కట్టెలు తడవని మూలన పేర్చాలి. నూనె జాడీల మూతికి గుడ్డ చుట్టి బిగించాలి. అంజూర పళ్లు పురుగు చూసి ఏరుకోవాలి. పేడ కలిపిన మట్టితో నేల అలికి, సగం ఆరాక నున్నటి రాయితో రుద్దితే చలికాలమంతా దుమ్ము లేవదు. అన్నిటికన్నా ముఖ్యం గాలి కన్నాలు. మా ఇళ్లకి కిటికీలుండవు. గోడలో పిడికిలి పట్టేంత కన్నాలుంటాయి, అంతే. పొగ పోవాలన్నా, మనిషికి ఊపిరాడాలన్నా అవే. పొద్దు గూకగానే నిప్పుల మీద బూడిద కప్పి, కన్నాల్లో చెయ్యి పెట్టి చూసుకోవాలి. ఇది మా అమ్మ నాకు ఏడేళ్లప్పుడే నేర్పింది.

అన్నీ తెలిసుండి, ఒక కన్నాన్ని నేను మూశాను.

మాది ఒకటే గది ఇల్లు. గదికి రెండు కన్నాలు. ఒక పక్క పల్లంలో మేకల కొట్టం, దాని మీద చెక్కలతో కట్టిన అటక. అటక మీద మనిషెత్తు మట్టి గాదెలు, వాటినిండా బార్లీ. గాదె కింది భాగంలో గింజలు తీసుకునే రంధ్రం ఉంటుంది, దానికో చెక్క బిరడా. ఆ బిరడా మీద చెయ్యి వేసే హక్కు మా అత్త హెమామాది, ఇంకెవరిదీ కాదు. అటక చుట్టూ చెక్కల గోడ, నిచ్చెన ఎక్కిన చోట చిన్న తలుపు. పిల్లులు గింజల్లో పడకుండా దాని గడియ బయటవైపు పెట్టారు. అటకకీ ఒక కన్నం ఉంది. మా ఇల్లు కొండవాలున ఉంది కాబట్టి పై వీధిలో నిలబడితే అది చేతికందుతుంది.

అటక మీద నా తోడికోడలు మల్హా పడుకునేది. మా ఆయన, బావ ఇద్దరూ పట్నంలో తాపీ పని చేసేవాళ్లు, మంచు కరిగాకే వచ్చేవాళ్లు. మల్హా నాకంటే పెద్దది, నాకంటే పనిమంతురాలు, నాలాగా నోరు లేనిది కాదు. ఏటా వసంతంలో ఇంటి గోడలు అలికేటప్పుడు ఆమె చేతి గీతలు ఎవరికైనా తెలిసిపోయేవి. చిన్నప్పుడు కొడవలి తగిలి కుడిచేతి చిటికెనవేలు పోయింది. అందరి చెయ్యీ నాలుగు గీతలు గీస్తే ఆమె చెయ్యి మూడు గీసేది.

మూడేళ్ల కిందట ఒకరోజు, ఊట దగ్గర నీళ్లు పట్టుకుంటుంటే ఎవరో అడిగారు, "ఏం మల్హా, అంత చిక్కిపోయావేం?" అని.

"మా అత్త బార్లీ కొలిచి ఇవ్వదమ్మా, లెక్కపెట్టి ఇస్తుంది," అంది మల్హా. "నిన్న నా వంతులో ఒక గింజ తగ్గింది. గాదె కింద వెతుకుతున్నాం ఇద్దరం."

బిందెలు కింద పెట్టి మరీ నవ్వారు అందరూ. ఆ మాట మేం ఇల్లు చేరేలోపే మా అత్త చెవిన పడింది. పది రోజులు మల్హాతో తేనె పూసినట్టు మాట్లాడింది. నాకు అదే భయం వేసింది.

పదకొండో రోజు మంచు పడింది. మా అత్త తనే కుంపటినిండా నిప్పులు పోసి, "పైన చలిగా ఉంటుంది, తీసుకుపో తల్లీ," అని మల్హా చేతికిచ్చింది. తర్వాత నా చేతిలో గుడ్డపేలికలు, మట్టిముద్ద పెట్టి, "గింజల మీద మంచు పడుతోందే. వెళ్లి పైకన్నం మూసిరా," అంది. నేను ఆమె మొహంలోకి చూశాను. ఆమె నా మొహంలోకి చూసింది. వెళ్లి మూసొచ్చాను. నేను లోపలికి వచ్చేసరికి ఆమె నిచ్చెన దిగుతోంది. గడియ వేసి ఉంది.

కాసేపటికి తలుపు మీద కొట్టిన చప్పుడు. "ఉయిజా... తల తిరుగుతోందే. గడియ తియ్యి." గట్టిగా కాదు, పాప లేస్తుందేమోనని మెల్లగా పిలిచింది. మా పాప దాహ్బియా అంటే మల్హాకి అంత ప్రాణం. నా పక్కన పడుకున్న మా అత్త నా మణికట్టు పట్టుకుంది. నేను కళ్లు మూసుకున్నాను. అంతే నేను చేసింది.

కుంపటి పెట్టుకుని తనే కన్నం మూసుకుని చచ్చింది పిచ్చిది, అని మా అత్త ఊరికి చెప్పింది. నేను తలూపాను. ఆ తర్వాత మా బావ ఇంటికి రావడమే మానేశాడు.

ఇక జరిగినది చెప్తాను.

మొన్నటి చలికాలం రెండు రోజులు ఆగకుండా మంచు కురిసింది. మూడో రోజు పొద్దున తలుపు తియ్యబోతే రాలేదు. బయట నడుం లోతు మంచు పేరుకుంది. ఇంట్లో నేను, మా అత్త, పాప. పాపకి ఎనిమిదేళ్లు. కట్టెలున్నాయి, పిండి ఉంది, మేకలకి ఎండాకు ఉంది. మగవాళ్లు పారలతో వచ్చేదాకా ఊరికే కూర్చోవడమే.

మధ్యాహ్నానికే గది నల్లబడింది. రొట్టె కాలుస్తుంటే పొగ పైకి పోకుండా నా కళ్ల దగ్గరే తిరుగుతోంది. లేచి కన్నంలో చెయ్యి పెట్టాను. మంచు తగులుతుందనుకున్నాను. మట్టి తగిలింది... తడిమట్టి.

"అత్తా, ఈ కన్నం ఎవరు మూశారు?"

"నన్నడుగుతావేం? ఇంట్లో కన్నాలు మూసే మనిషివి నువ్వే కదా," అంది, రొట్టె తుంచుకుంటూ.

పుల్లతో పొడిచి తీశాను. మంచుగాలి లోపలికొచ్చింది. రెండో కన్నం దగ్గరికి వెళ్లాను. అదీ మూసి ఉంది. అదీ పొడిచాను. వెనక్కి తిరిగి చూస్తే మొదటిది మళ్లీ మూసుకుపోయి ఉంది. మట్టి నున్నగా, తళతళలాడుతూ ఉంది. ఇల్లు అలికిన రోజు వచ్చే వాసన గదంతా పరుచుకుంది. పేడ, గడ్డి, తడి. ఆ చలిలో మా ఇంట్లో మట్టి ఎక్కడిది? కొట్టంలోది రాయిలా గడ్డకట్టి ఉంది.

దీపం దగ్గరగా పట్టాను. మట్టి మీద వేళ్ల గీతలున్నాయి. లెక్కపెట్టాను. మూడు.

నేను అత్త వైపు తిరిగాను. ఆమెకీ కనబడింది. నోట్లో రొట్టె అలాగే ఉండిపోయింది. తర్వాత నమిలి మింగి, "నీ చిటికెనవేలు ముడుచుకుని గీశావు," అంది. "నన్ను బెదిరించి గాదెలు చేతిలోకి తీసుకుందామని. మూగదానివి, ఎంత ఆలోచించావే."

"అమ్మా, తల నొప్పి," అంది పాప.

పొయ్యి మీద నీళ్లు కుమ్మరించాను. బూడిద కప్పాను. నిప్పు చచ్చిపోయింది, చెయ్యి పెట్టి చూశాను, చల్లగా ఉంది. అయినా గాలి బరువెక్కుతూనే ఉంది. పొయ్యిలో నిప్పు లేకుండా ఎక్కడిదీ సెగ? మేకలు మోకాళ్ల మీద పడి, అరవడం మానేశాయి.

అప్పుడు పైకి చూశాను. అటక తలుపు కింద ఎర్రటి గీత. నిండుగా రాజుకున్న కుంపటి వెలుగు... మల్హా పోయాక ఆ అటక మీదికి కుంపటి వెళ్లలేదు.

ఇంటి తలుపు మీద భుజం వేసి తోశాను. కదల్లేదు. గొడ్డలి పెట్టి కన్నం చుట్టూ గోడ కొట్టాను. రాతిగోడ. మట్టి పెళ్లలు రాలినచోట మళ్లీ మట్టి వస్తోంది, అడుసులా, గోరువెచ్చగా. పాప నా ఒళ్లో పడుకుంది. పెదాల రంగు మారింది. పిలిస్తే కళ్లు తెరిచి, ఎవరో పిలిచినట్టు అటక వైపు చూసి, మళ్లీ మూసుకుంది.

"ఉయిజా..."

తలుపు వెనకనుంచి. పాప లేస్తుందేమోనన్నట్టు, మెల్లగా.

"అక్కా," అన్నాను.

"పాపకి ఊపిరాడటం లేదా?"

"పాపని వదిలెయ్యక్కా. అది నీ పిల్ల కూడా."

"నేనూ అడిగాను... మెల్లగా అడిగాను."

నేను ఏడ్చాను. మా అత్త ఇదంతా వింటోంది. వినబడనట్టు తస్బీ జపమాల తిప్పుతోంది, పూసలు మాత్రం ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి.

"నాకు నువ్వు వద్దు ఇప్పుడు," అంది తలుపు వెనక. "ఆమెని పంపు."

ఇంతలో పైన బిరడా ఊడిన చప్పుడు. తర్వాత గింజలు. ముందు చిటపట, తర్వాత ధార... చెక్కల మీద బార్లీ జారిపోతున్న చప్పుడు. మా అత్త చేతిలో తస్బీ ఆగింది. దెయ్యానికి భయపడిందో లేదో నాకు తెలీదు. గింజలు పోతుంటే మాత్రం ఆమె కూర్చోలేకపోయింది.

"అత్తా, వెళ్లకు," అన్నాను. నిజంగానే అన్నాను. మెల్లగా అన్నాను.

"నా గాదెలు," అంది. పొయ్యి దగ్గరున్న పట్టకారు తీసుకుని, నిచ్చెన ఎక్కింది. ఒక్కో మెట్టుకీ ఒక్కో తిట్టు. "బతికుండగా దొంగవి, చచ్చాకా దొంగవే. మీ అమ్మకి గింజలు మోసి పెట్టింది చాల్లేదా?" గడియ లాగింది. తలుపు తీస్తే లోపల వెలుగు లేదు. ఉత్త చీకటి. వంగి లోపలికి దూరింది. చీకట్లో ఆమె పాదాలు చివరిగా కనబడ్డాయి. తలుపు దానంతట అదే మూసుకుంది.

గింజల చప్పుడు ఆగిపోయింది.

"ఇప్పుడు నువ్వు రా ఉయిజా," అంది గొంతు. ఈసారి తలుపు వెనకనుంచి కాదు... నా చెవి పక్కనుంచి. "గడియ నాతో వేయించకు. నువ్వే వెయ్యి."

పాప ఛాతీ మీద చెయ్యి పెట్టాను. కదలడం లేదు. ఆగి... ఆగి... ఒకసారి కదిలింది.

నిచ్చెనకి ఎన్ని మెట్లో నాకు గుర్తులేదు. గడియ చల్లగా ఉంది. నూనె రాసినట్టు నున్నగా జారింది. నేను బలం పెట్టనే లేదు.

కింద రెండు కన్నాల్లోంచి మట్టి ముద్దలు ముద్దలుగా రాలింది. గాలి వచ్చింది. మంచు వచ్చింది. మేక ఒకటి అరిచింది. పాప దగ్గి, వాంతి చేసుకుని, ఏడ్చింది. అంత మంచి ఏడుపు నేను ఎప్పుడూ వినలేదు.

పాపని కంబళిలో చుట్టి కన్నం కింద కూర్చున్నాను. కాసేపటికి పైన చప్పుడు మొదలైంది.

"ఉయిజా. ఏమే... తల్లీ. గడియ తియ్యవే. గాలి లేదు."

నేను లేవొచ్చు. నిచ్చెన అక్కడే ఉంది. పాపకి ఊపిరి ఆడుతోంది, మల్హా గొంతు ఇంకేమీ అడగడం లేదు. ఈసారి నా మణికట్టు ఎవరూ పట్టుకోలేదు. నేను కళ్లు మూసుకున్నాను.

పొద్దున మగవాళ్లు మంచు తవ్వి తలుపు తీసేలోపు అటక గడియ తీసిపెట్టాను. వాళ్లు ఆమెని కిందికి దించారు. అటక మీద కుంపటి లేదు. గాదెకి బిరడా ఉన్నది ఉన్నట్టే ఉంది, ఒక్క గింజ కింద పడలేదు. పైకన్నం బార్లా తెరిచి ఉంది, అందులోంచి పడిన మంచు ఆమె జుట్టు మీద కూడా ఉంది. చలికి ముసలి ప్రాణం పోయిందన్నారు. శవాన్ని కడిగిన ఆడవాళ్లు ఆమె గోళ్లు చూశారు, పళ్ల సందున ఉన్న మసి చూశారు, ఒకరినొకరు చూసుకున్నారు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ఊరికి నేను నోరులేనిదాన్ని.

మా అత్తకి అక్క ఉంది, ఖెదూజా. లోయ అవతలి ఊరు. చూపు సగమే ఉంది ఆమెకి, ఈ ఇంటికి వచ్చి ఇరవై ఏళ్లయింది, కోడళ్లెవరో సరిగా ఎరగదు. మూడు రోజులు నా పక్కనే పడుకుంది. మూడో రోజు మేమంతా సమాధి దగ్గరికి వెళ్తే, నడవలేక తనొక్కతే ఇంట్లో ఉండిపోయింది. తిరిగొచ్చాక ఆమెని గాడిద మీద ఎక్కిస్తుంటే నా బుగ్గ తడిమి చెప్పింది.

"నీ తోడికోడలు మంచిదే. మీరు లేనప్పుడు నాకు కాఫీ కాచి ఇచ్చింది. కూర్చుని కబుర్లు చెప్పింది."

నేను ఆమె కాలు పట్టుకుని నిలబడిపోయాను. "ఏం కబుర్లు పెద్దత్తా?"

"ఇంటి మాటలే. నువ్వు ఏ గోడ వైపు తలపెట్టి పడుకుంటావో అడిగింది. పాప నీ పక్కనే పడుకుంటుందా అని కూడా."

"నువ్వేం చెప్పావు?"

"ఉన్నదే చెప్పాను. చెప్పకూడదా?" కళ్లెం చేతికి చుట్టుకుంది. "పాపని వేరే పడుకోబెట్టమని నీకు చెప్పమంది. ఇప్పుడే కాదట. మట్టి ఆరాకట."

గాడిద కదిలింది. రెండడుగులు వేశాక ఆమె తల తిప్పింది.

"ఏ మట్టో నేను అడగలేదమ్మా."