కాలేజీని విచారిస్తే వచ్చిన అల్లుడు

మా అమ్మాయి మంజులకూ ఆ బెంగళూరు ఆటల మాస్టరుకూ పరిచయం పోట్లాటతోనే మొదలైంది.

అది కృష్ణగిరిలో, బాల్ బ్యాడ్మింటన్ టోర్నమెంటులో. మా అబ్బాయి ముత్తప్ప హోసూరు హైస్కూలు టీములో ఆడుతున్నాడు. వాడికది స్కూల్లో ఆఖరి సంవత్సరం. మత్తిగిరి పశువుల ఫారంలో మా ఆయనకు వచ్చే జీతంతో కాలేజీ చదువు కుదరదు. బాగా ఆడే పిల్లలకు ఫీజూ హాస్టలూ కాలేజీవాళ్ళే చూసుకుంటారట. ఆ సీటు దొరికితే చదువు, లేకపోతే వాడూ ఫారంలో గడ్డి మోయాల్సిందే.

నేను మాత్రం ఆ పసుపు ఉన్ని బంతి వాడి కంటికి ఎప్పుడు తగులుతుందోనని కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను.

పిల్లల్ని ఎంచుకోవడానికి రెండు కాలేజీల నుంచి వచ్చారు. సేలం నుంచి వచ్చిన పెద్దాయన, "మా టీము ఇప్పుడిప్పుడే కడుతున్నామమ్మా. మీవాణ్ణి పంపితే మొదటి దినమే ఆడిస్తాం" అన్నాడు. ఇంకా కట్టని టీము ఎవరిక్కావాలి? మా కళ్ళన్నీ కప్పులు గెలిచే బెంగళూరు కాలేజీ మీదే. ఆ మాస్టరు తిమ్మరాయప్ప, కోలారు వైపు మనవాళ్ళ కుర్రాడే. మంజుల ఎలిమెంటరీ స్కూలు టీచరు కదా, బెదురు లేదు. నేరుగా వెళ్ళి అడిగింది.

"మా తమ్ముడు ఎట్లా ఆడినాడు సార్?"

"కుడిపక్క బాగుంది. ఎడమపక్కకు బంతొస్తే కండ్లు మూసుకుంటాడు. మా టీముకొస్తే రెండేండ్లు బెంచీ మీద కూర్చొని నీళ్ళందించాల."

"నీళ్ళందించేదానికి ఈడి నుంచి మనిషి రావల్లనా? మీ బెంగళూర్లో కొళాయిలు లేవా?"

"సీటు ఇయ్యనని చెప్పలేదే!"

"ఇస్తానని కూడా చెప్పలేదు కదా!"

జడ విసురుగా వెనక్కి వేసుకుని వచ్చేసింది. అతను ఆమె వెళ్ళిన వైపే చూస్తూ నిలబడి, పక్క కోర్టు నుంచి వచ్చిన బంతి భుజానికి తగిలేదాకా కదల్లేదు.

అయిపోయింది, సీటు పోయిందనుకున్నాను. బస్సులో నేను ఏడుస్తుంటే మంజుల కిటికీలోంచి చూస్తూ, "అబద్ధం చెప్పే మనిషి మాత్రం కాదు" అంది. నాతో అన్నట్టు లేదు.

ఇంటికి వచ్చాక ఇంకో భయం పట్టుకుంది. ఒకవేళ సీటిస్తే? బెంగళూరు చలి, హాస్టలు తిండి, బీడీలు నేర్పే స్నేహాలు! పిల్లవాణ్ణి ఎవరి చేతిలో పెడుతున్నామో తెలియొద్దా? ఉద్దనపల్లి నుంచి బెంగళూరుకు చింతపండు తోలే మా తమ్ముడు మారియప్పను పిలిపించాను.

"మారియప్పా, ఒక ఇంటికి పిల్లనిచ్చే ముందు ఎట్లా విచారిస్తామో అట్లా విచారించుకొని రా."

"కాలేజీనా అక్కా?"

"కాలేజీ గోడల్ని అడుగుతావా? ఆ మాస్టర్ని గురించి అడుగు. ఆయన మంచివాడైతే పిల్లోళ్ళు మంచిగా ఉంటారు."

మారియప్ప పని సగంలో వదిలే మనిషి కాదు. చాకలిని, క్షవరం చేసే ఆయన్ని, హాస్టలు వంటమనిషిని, ఆఖరికి వాళ్ళ ఇంటి పక్కవాళ్ళను కూడా అడిగి వచ్చాడు.

"తాగడు, పొగ పీల్చడు. అమ్మను ఒక మాట అనడు. కోపమొస్తే కోర్టు చుట్టూ తానే పరుగెత్తుతాడంట. నిద్రలో గురక కూడా లేదక్కా!"

"గురక గూడా అడిగితివా మామా?" అని మంజుల పకపకా నవ్వింది. ఆ నవ్వు ఎందుకో తొందరగా ఆగలేదు.

తరువాతి ఆదివారం సన్నటి జల్లు. తలుపు తీస్తే తిమ్మరాయప్ప! పక్కన వాళ్ళమ్మ. తాను తడుస్తూ, చేతిలోని పళ్ళెం తడవకుండా దానిమీద గొడుగు పట్టుకుని ఉంది. గురక దాకా విచారించారని గొడవకు వచ్చారేమో!

ఆమె పళ్ళెం నా ముందు పెట్టింది. పూలు, పండ్లు, తమలపాకులు.

"నా పేరు చెన్నమ్మ. మీ తమ్ముడు, ముత్తప్ప మామనని చెప్పుకుంటా, మావాణ్ణి గురించి అడగని మనిషి లేడమ్మా. అంతగా అడిగితిరంటే పిల్లనిచ్చేదానికే కదా! ఎవరి పిల్ల అంటే, కృష్ణగిరిలో కొళాయిల మాట అనిన పిల్ల అని వీడు చెప్పినాడు. ఆ దినం నుంచి వీడు మనిషిగా లేడు."

నేను వంటింట్లోకి పరుగెత్తి మంజుల చెయ్యి పట్టుకున్నాను. "నోరు తెరవద్దే తల్లీ! నిజం తెలిస్తే సిగ్గుపడి పోతారు, సీటూ పోతుంది."

మంజుల చెయ్యి విడిపించుకుని బయటికి వెళ్ళింది.

"సార్, మామ విచారించింది కాలేజీ కోసం. నా కోసం కాదు."

తిమ్మరాయప్ప చెవులు ఎర్రబడ్డాయి. లేచి నిలబడ్డాడు. "అట్లయితే నేనే పొరబడినాను. సీటుకు దీనికి సంబంధం లేదు. ముత్తప్పకు సీటుంది. రెండేండ్లు బెంచీ కూడా ఉంది."

"పెండ్లి మాటకొచ్చి కూడా బెంచీ వదలరా?"

"ఎడమపక్క ఇంకా రాలేదు కదా!"

ఆమె నవ్వేసింది. అతనూ నవ్వాడు. బయట వాన పెద్దదైంది, వెళ్దామన్నా వీల్లేదు.

కాసేపటికి మంజుల నవ్వు తగ్గింది. "నాకు ఇష్టం లేదని చెప్పలేదు. కానీ మీరు ఈ ఇంటి అల్లుడైతే వాని సీటు బావ ఇచ్చిన సీటంటారు."

"అంటారు. నాకే అట్లా అనిపిస్తుంది. బామ్మర్దిని నేనే టీముకు ఎంచుకోలేను."

"అయితే వాని చదువే ముఖ్యం. వాన నిలిచినాక పోయి రండి."

ఆ మాట చెప్పి గోడవైపు తిరిగింది. ఎప్పుడూ ఏదో ఒకటి ఊహించి భయపడే నేను, దీన్ని మాత్రం ఊహించలేదు. కొడుకు చదువు కోసం కూతురు తన మనసు నా కళ్ళముందే మడిచి పెట్టేస్తోంది.

"నన్నెవురూ అడగరా?" అన్నాడు ముత్తప్ప, తలుపు పక్కనుంచి. "నేను సేలం పోతాను. ఆడ కూడా ఫీజు లేదు, హాస్టలుంది. మొదటి దినమే ఆట."

"కప్పులు లేని కాలేజీరా అది!" అన్నాను.

"నేను పోతే వస్తాయిలేమ్మా."

తిమ్మరాయప్ప వాడి దగ్గరకు వచ్చాడు. "నీకు అదే మంచిది ముత్తప్పా. ఆడితేనే ఎడమపక్క వస్తుంది, కూర్చుంటే రాదు. కృష్ణగిరిలోనే చెప్పుండాల్సింది. వదులుకునేదానికి మనసు రాలే."

"నన్నా సార్, మా అక్కనా?"

చెన్నమ్మ నవ్వలేక గోడకు ఆనుకుంది. ఆదివారం కదా, ఇంట్లోనే ఉన్న మా ఆయన గుర్రప్ప పళ్ళెం వైపు చెయ్యి చూపాడు. "ఏమే, ఇంకా చూస్తావేమి? పళ్ళెం తీసుకో."

పళ్ళెం అందుకున్నాను. సేలంలో ఎండలెక్కువ, వాడికి వడదెబ్బ తగిలితేనో!

తిమ్మరాయప్ప మంజులను అడిగాడు. "మీ తమ్ముడు మా టీము మీద ఆడే దినం, నువ్వు ఏ పక్క కూర్చుంటావు?"

"మా తమ్ముని పక్కే. మీరు ఓడిపోయి వస్తారు కదా, అన్నం మాత్రం ముందు మీకే పెడతాను."